బడి వాకిలి దాటిన పిమ్మట

పదవ తరగతి ఫలితములు వెలువడిన నాడు మన హోసూరు ప్రాంతపు తెలుగు ఇండ్లలో వినవచ్చు ప్రశ్న ఒక్కటే: "ఇక ముందేమి?" అంగవైకల్యము గల బిడ్డ ఉన్న ఇంట మాత్రము ఆ ప్రశ్న పైకి రాదు. "చదివినంత చదివినాడు, ఇక ఇంటిపట్టున ఉండనీ" అను మాటతో విషయము ముగియును. ఆ మాటలో ప్రేమ లేదని మేమనము. కాని ఆ ప్రేమ, తల్లిదండ్రులు వృద్ధులైన నాడు, బిడ్డకు ఏమి మిగుల్చునో ఆలోచింపవలసి యున్నది.

చట్టమునకు కొదువ లేదు. 2016లో పుట్టి 2017 ఏప్రిల్ నుండి అమలు జరుగుచున్న వికలాంగుల హక్కుల చట్టము 21 రకముల వైకల్యములను గుర్తించినది. 40 శాతమునకు తగ్గని వైకల్యము గలవారికి ప్రభుత్వోద్యోగములలో కనీసము 4 శాతము, ప్రభుత్వ కళాశాలలలోను ప్రభుత్వ సహాయము పొందు కళాశాలలలోను కనీసము 5 శాతము స్థానములు ప్రత్యేకించినది. తన ఆస్తిని, తన ధనమును తానే చూచుకొనుటకు అందరితో సమానమైన హక్కు కలదనియు పలికినది. (ప్రభుత్వమువారు ఇప్పుడు "దివ్యాంగులు" అనుచున్నారు. పేరు ఎత్తు పెరిగినది. పల్లె బస్సు మెట్టు ఎత్తు మాత్రము తగ్గలేదు.)

అయితే ఈ హక్కులు కార్యాలయపు బల్ల యొద్దకు పోయి అడిగినవానికి గాని దక్కవు. అడుగుటకు భాష కావలెను. ఇచ్చటనే మన బిడ్డలకు ఇతరులకు లేని చిక్కొకటి కలదు. ఇంట తెలుగు, బడిలో తెలుగు. కాని గుమాస్తా మాట, దరఖాస్తు, పని నేర్పు మేస్త్రీ కేక, అన్నియు తమిళము. కాలు సరిగా లేని యువకునికి తమిళము వచ్చిన యెడల కర్ర పట్టుకొని ఒంటరిగ పోయి పని చక్కబెట్టుకొనును. రాని యెడల తండ్రి వెంట పోవలసినదే. తమిళము నేర్చుట తెలుగును విడుచుట కాదని మన పెద్దలకు వేరుగ చెప్పనక్కరలేదు. సంతలో వారు మూడు భాషలు మాటలాడువారే.

అంధ బాలుర విషయమున ఒక విశేషమున్నది. పలువురు తల్లిదండ్రులు దాని నెరుగరు. 1951లో మన దేశ భాషలన్నిటికి భారతీ బ్రెయిలీ అను ఒకే లిపి ఏర్పడినది. తెలుగు 'క'కు ఏ చుక్కలో, తమిళ 'క'కును, కన్నడ 'క'కును అవే చుక్కలు. కన్నులున్న బాలుడు తమిళమునకై కొత్త లిపి దిద్దవలెను. తెలుగు బ్రెయిలీ వచ్చిన అంధ బాలునికి తమిళమునకే ప్రత్యేకమైన కొన్ని అక్షరములు తప్ప తక్కినవన్నియు ముందే వచ్చును. ఈ ఒక్క సంగతిలో అతడు మనకన్న ఒక అడుగు ముందున్నాడు.

చెవిటి పిల్లల దారి ఇంత సుగమము కాదు. తల్లి పెదవుల కదలికలో తెలుగు పోల్చుకొను అలవాటు తమిళ మేస్త్రీ ముందు పనికిరాదు. భారతీయ సంజ్ఞాభాష తెలుగూ కాదు, తమిళమూ కాదు. అది నేర్చినవాడు తనవంటి తోడి పనివారితో ఏ ఊరనైనను మాటలాడగలడు. కాన దానిని చిన్ననాడే నేర్పవలెనని మా అభిప్రాయము.

పని లేదను మాట మన ఊర చెల్లదు. ఇచ్చటి టైటాన్ గడియారముల కర్మాగారము మొదటినుండియు వికలాంగులను పనిలోనికి తీసికొన్న సంస్థగా పేరు పొందినది. వికలాంగుల శక్తిని పరీక్షించి, పని నేర్పి, ఉద్యోగమునకు దారి చూపు కేంద్ర ప్రభుత్వ సేవాకేంద్రములు బెంగుళూరులోను చెన్నైలోను కలవు. బెంగుళూరు మనకు దాదాపు 40 కిలోమీటర్లే.

ఆ 40 కిలోమీటర్లు ఎవరి తోడు లేక పోయి రాగల నేర్పు ఎప్పుడు వచ్చును? పదునెనిమిదవ ఏట ఒక్క రాత్రిలో రాదు. తొమ్మిదవ తరగతి నుండియే రావలెను. తన అన్నము తాను వండుకొనుట, చిల్లర లెక్క చూచుకొనుట, తన పేర బ్యాంకు ఖాతాలో తానే సొమ్ము తీయుట, తన మందు వేళకు తాను మింగుట: ఇవి పాఠ్యపుస్తకమున లేవు గాని పరీక్షకు వచ్చునవి ఇవియే. మేధావైకల్యము గల బిడ్డ చిల్లర లెక్క పదిమార్లు తప్పును. పదునొకండవమారు కూడ అంగడికి అతనినే పంపవలెను. ఇంకొకరు నిర్ణయింపక తప్పని చోట సైతము, ఆ బిడ్డను కూడ కలుపుకొని నిర్ణయింపుడనియే 2016 చట్టము చెప్పుచున్నది.

ఆడపిల్లల తల్లులకు భయము హెచ్చు. ఆ భయము నిరాధారము కాదు. అయినను దానికి మందు తలుపు గడియ కాదు, తోడు నడచు స్నేహితురాలు.

మా సూచన ఒకటి. వచ్చు విద్యా సంవత్సరమున నెలకొక శనివారము తొమ్మిదవ తరగతిలోని వికలాంగ విద్యార్థులు, ఒక్కొక్కరికి ఒక సహాధ్యాయి తోడుగా, బస్సెక్కి తపాలా కార్యాలయమునకో బ్యాంకునకో పోయి, తమిళమున అడిగి, ఒక పని ముగించుకొని రావలెను. తోడివాడు ప్రక్కన నిలుచును గాని బదులు మాటలాడరాదు. తమిళము చదువనేర్చిన తల్లిదండ్రులు ముందునాటి సాయంకాలము బడికి వచ్చి దరఖాస్తు నింపుట నేర్పిన చాలును. శనివారము నాడు బస్సు వరకు వారు రావలసిన పని లేదు.