చేసిన పార్టుని చేసిందనే చెప్పండి

పాత బండ్ల బజారులో ఇప్పుడు అన్నిటికన్నా సస్తాగా దొరికేది ఒక మాట: 'ఒరిజినల్'. బుల్లెట్ అమ్మేవాడూ అదే అంటాడు, యెజ్డీ బాగుచేసేవాడూ అదే అంటాడు, పార్సిల్లో స్పేర్లు పంపేవాడూ అదే అంటాడు. నేను చెప్పేది ఒక్కటే. పాత బండికి కొత్తగా పార్టు చేయించడంలో ఏ ఐబూ లేదు. చేయించినదాన్ని కంపెనీదని అమ్మడంలోనే ఉంది ఐబంతా.

మా శ్రీకూర్మానికి సముద్రం దగ్గర. ఇక్కడి ఉప్పుగాలి ఇనుముకి దుష్మన్. వరండాలో గోనెపట్టా కప్పి వదిలేసిన బండికి సైలెన్సర్ అడుగు, మడ్‌గార్డ్ అంచు, రిమ్ము ముందుగా పోతాయి. అలాంటి బండ్లని ఇప్పుడు మనవలు బయటికి లాగుతున్నారు. దాదాజాన్ నడిపిన బండి ఖాందాన్‌కి ఒక నిషానీ. దాన్ని మళ్లీ నడిపించాలనుకోవడం మంచి నియ్యతే. మరి పార్టులు ఎక్కణ్నుంచి వస్తాయి?

బుల్లెట్ సంగతి కొంత నయం. 1955లో మద్రాసులో మొదలైన తయారీ ఇంకా ఆగలేదు. అయితే ఇవాళ్టి సామాను అప్పటి బండికి అన్నిచోట్లా పట్టదు. జావా, యెజ్డీల సంగతి మరీ కష్టం. మైసూరులోని ఐడియల్ జావా కంపెనీ 1961 నుంచి బండ్లు చేసి 1996లో మూతపడింది. 2018లో జావా పేరు మళ్లీ వచ్చింది కానీ ఇంజను పూర్తిగా వేరు. పాతది టూ స్ట్రోక్, కొత్తది నీళ్లతో చల్లబడే ఫోర్ స్ట్రోక్. దీని పార్టు దానికి పనికిరాదు.

ఇక మిగిలిన దారులు రెండు. ఒకటి వెతకడం. శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో రైలెక్కి చెన్నై పుదుపేట పోవచ్చు, లేదా ఢిల్లీ కరోల్‌బాగ్ నుంచి తెప్పించుకోవచ్చు. రెండోది, అరిగిన పార్టుని నమూనాగా పెట్టి లేత్ మిషన్ మీద చేయించడం. మన ఇళ్లల్లో దాన్ని ఖరాద్ అంటాం.

ఆ ఖరాద్ పని ఎంత నాజూకైనదో బయటివాళ్లకి తెలీదు. ఇంగ్లండు డిజైన్‌తో వచ్చిన పాత బుల్లెట్లలో చాలా బోల్టులకి చూడీ అంగుళాల లెక్కలో ఉంటుంది. విట్‌వర్త్ చూడీ కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ చూడీది 60. కంటికి రెండూ ఒకటే. తేడా తెలియనివాడు దొరికిన మెట్రిక్ బోల్టుని బలవంతంగా బిగిస్తే అల్యూమినియం క్రాంక్‌కేస్‌లో చూడీ అంతా తెగిపోతుంది. తెలిసిన ఉస్తాద్ ముందు గేజ్ పెట్టి అంగుళానికి ఎన్ని చూడీలో లెక్కపెడతాడు, టూల్‌ని 55 డిగ్రీలకి సానబడతాడు, అప్పుడు కోస్తాడు. ఇది హునర్. దీన్ని నక్లీ అనడం బేఇన్సాఫీ.

అదే బోల్టుకి మురికి పూసి, పాత డబ్బాలో పెట్టి, 'కంపెనీ స్టాకు' అని పదింతల రేటు చెప్తే అది ధోఖా. పార్టు మారలేదు, మాట మారింది.

మదీనా బజారులో ధాన్యం రాశిలో ప్రవక్త (స) చెయ్యి పెట్టి చూసిన వాకియా మనింట్లో పిల్లలకి కూడా తెలుసు. పైన పొడిగా ఉంది, లోపల తడి తగిలింది. వానకి తడిసిందని వ్యాపారి చెప్పుకున్నాడు. తడవడం అతని ఖసూర్ కాదు. ఆ తడిని కింద దాచడం ఖసూర్. ఖరాద్ మీద చేసిన పార్టుకీ ఇదే లెక్క. దాచిన ఐబ్ బయటపడితే సరుకు వాపసు ఇచ్చే హక్కు కొన్నవాడికి మన ఫిఖహ్ ఎప్పుడో ఇచ్చింది.

ఇందులో సర్కారు కూడా ఉంది. 2021లో కేంద్రం వింటేజ్ బండ్లకి రూల్స్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, ఇంజన్‌లలో పెద్ద మార్పులు లేని బండికి 'వీఏ' నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు. అంటే 'ఒరిజినల్' అనేది ఇప్పుడు కానూను మాట. ఆ లాలచ్‌తో ఛాసిస్ నంబరు చెరిపి వేరేది గుద్దితే అది రిపేరు కాదు, జుర్మ్.

'చేసిందని చెప్తే రేటు పడిపోతుంది భాయ్' అంటారు మిస్త్రీలు. పడొచ్చు. కానీ యాక్సిల్, బ్రేక్ రాడ్ లాంటివి ఏ ఉక్కుతో చేశారన్నదాని మీద నడిపేవాడి జాన్ ఆధారపడి ఉంటుంది. మెత్తని ఇనుముకి క్రోమ్ వేసినా గట్టి ఉక్కులాగే మెరుస్తుంది. చేసిన పార్టు అని తెలిస్తే నడిపేవాడు అప్పుడప్పుడు విప్పి చూసుకుంటాడు. కంపెనీదన్న భరోసా ఉంటే చూడడు.

కొనేవాళ్లం మనమూ తక్కువ కాదు. 'ఒరిజినల్' అంటే అడిగినంత ఇస్తాం, రెండ్రోజులు నిలబడి అదే పార్టు చేసిన ఉస్తాద్ దగ్గర బేరమాడతాం. అందుకే ఆయన కొడుకు ఖరాద్ దగ్గరికి రావట్లేదు, గల్ఫ్ వీసా వెతుక్కుంటున్నాడు. నిజం చెప్పినవాడికి తక్కువ, అబద్ధం చెప్పినవాడికి ఎక్కువ ఇస్తూ బజారు చెడిపోయిందని షికాయత్ చేస్తే ఎలా?

పాత కట్టడాల మరమ్మతు కోసం 1964లో వెనిస్‌లో రాసుకున్న దస్తావేజులో ఒక ఉసూల్ ఉంది. పోయినచోట పెట్టిన కొత్త భాగం పాతదానితో కలిసిపోవాలి, అయినా ఇది కొత్తదని గుర్తుపట్టేలా ఉండాలి. కూర్మనాథుడి గుడి నీడలో బతికే మా ఊరివాళ్లకి ఆ మాట అర్థం కావడం కష్టమేం కాదు. బండికి కూడా అదే చాలు.

మిస్త్రీ భాయిలకి నా గుజారిష్ ఇది. చేసిన పార్టుకి లోపలివైపు, కనబడనిచోట, పంచ్‌తో మీ అక్షరం ఒకటి కొట్టండి. బిల్లులో కంపెనీవి ఒకవైపు, చేసినవి ఒకవైపు రాయండి. పాత పార్టుని పారేయకుండా యజమానికి అప్పగించండి, అది వాళ్ల అమానత్. బండి తెచ్చే కుటుంబాలకి కూడా ఒక మాట. ఆ బిల్లుని ఆర్సీతో పాటు దాచండి. ఎప్పుడైనా అమ్మితే దాన్ని కూడా కొన్నవాడి చేతిలో పెట్టండి. అలా కొట్టిన అక్షరం మన ఉస్తాదులకి దస్తఖత్ అవుతుంది. ఆ రిజ్క్‌లో బర్కత్ ఉంటుంది, ఇన్‌షా అల్లాహ్.