లోహమునకు పదను

మన కొండలలో ఖనిజము కలదని విన్నంతనే భాగ్యము చేజిక్కినదని సంబరపడువారు మనలో పెక్కురు. విశాఖ మన్యమునందు బాక్సైటు నిక్షేపము లున్నమాట నిజమే. కాని బాక్సైటు అల్యూమినియము కాదు. అల్యూమినియము విమానపు రెక్క కాదు. స్వచ్ఛమైన అల్యూమినియము మిక్కిలి మెత్తనిది. దానికి బలిమి నొసగునది గని కాదు, విద్య యని మా నిశ్చితాభిప్రాయము.

ఈ విద్య పుట్టిన తీరు గమనింపదగినది. 1906లో జర్మనీదేశమున ఆల్ఫ్రెడ్ విల్మ్ అను లోహశాస్త్రజ్ఞుడు అల్యూమినియమునకు నూటికి సుమారు 4 పాళ్లు రాగియు, కొలదిగా మెగ్నీషియమును చేర్చి, కాచి నీట ముంచెను. ఉక్కైనచో ముంచినంతనే గట్టిపడును. మన కమ్మరి పెట్టెడి పదను అదియే. ఈ మిశ్రలోహ మటుల గట్టిపడలేదు. కాని రెండు దినము లట్లే యుంచి మరల పరీక్షింపగా కాఠిన్యము హెచ్చియుండెను! అందుండి జనించిన డ్యూరాల్యుమిన్ జెప్పెలిన్ గాలియోడలకు చట్రమైనది.

దీనికి కారణ మేమి? సుమారు 500 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో రాగి అల్యూమినియమున లీనమగును. హఠాత్తుగా చల్లార్చినచో విడివడుటకు వ్యవధి లేక అందే చిక్కుకొనును. దినములు గడచుకొలది రాగి పరమాణువులు అతిసూక్ష్మమైన గుంపులుగా చేరి, లోహపు పొరలు జారకుండ అడ్డుకొనును. 1938లో ఫ్రాన్సున గినియే, ఇంగ్లండున ప్రెస్టన్ ఎవరికివారే ఎక్స్-కిరణములతో ఈ మర్మమును బయల్పరచిరి. కొన్ని మిశ్రలోహములను 160 మొదలు 190 డిగ్రీల వరకు గంటలకొలది కాచి ఈ పరిపాకమును త్వరపెట్టుదురు. హద్దు మీరి కాచినచో గుంపులు పెద్దవై, యెడమై, లోహము మరల మెత్తబడును. పదను తప్పిన చేను దున్నిన ఫలమేమో రైతున కొకరు చెప్పనక్కరలేదు.

ఇందు గొప్ప చిక్కొకటి కలదు. పదనైన ముక్కయు, పదను తప్పిన ముక్కయు చూపున కొక్కతీరుగనే యుండును. తూకమొకటే, మెరుగొకటే, బరువు పడిననాడు గాని భేదము తెలియదు. కావున కొలిమివేడిని కొలుచు సాధనమును, కాఠిన్యమును పరీక్షించు యంత్రమును లేనిచోట చేసిన సరకును నమ్ముట ప్రాణములతో చెలగాటమాడుటయే.

1940లో వాల్‌చంద్ హీరాచంద్ బెంగుళూరున విమానకర్మాగారమును స్థాపించెను. హైదరాబాదున రక్షణశాఖవారి లోహపరిశోధనాలయము నేడు కలదు. పెద్ద సంస్థల కీ విద్య క్రొత్తది కాదు. చిన్న కార్ఖానాలకును, అందు పనిచేయు యువకులకును అది యబ్బవలెనని మేము కోరుచున్నాము. ప్రతి వృత్తివిద్యాలయమునకు ఒక మంచి కొలిమిని, ఒక కాఠిన్యపరీక్షాయంత్రమును సమకూర్చుటకు ప్రభుత్వమును, ధనవంతులును పూనుకొనవలెను. ఖనిజము నమ్ముకొన్నవాడు ఒక్కమారే తినును. పదనెరిగినవాని యిల్లు తరతరములు తినును.