పసిబిడ్డ ముక్కు మూసి నూనె పోయకండి!

తల్లులారా! అమ్మమ్మలారా, నాయనమ్మలారా! బిడ్డలకు నీళ్లు పోసే పెద్దమ్మలారా!

కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద వెల్లకిలా వేసి, ముక్కు నొక్కి ఉగ్గుగిన్నెతో ఆముదం ఒంపేస్తాం. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. ఏడుస్తూ గట్టిగా ఊపిరి లాగినప్పుడు నోట్లోని నూనె ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

నీళ్లయితే పొలమారి, దగ్గుతో బయటికి వచ్చేస్తాయి. నూనె జారుడుగా దిగుతుంది, చాలాసార్లు దగ్గే రాదు. లోపలే పేరుకుని వాపు తెస్తుంది. దీన్నే లిపాయిడ్ న్యుమోనియా అంటారు. చేప కాలేయపు నూనె, నెయ్యి మరీ చేటు. ఇది క్రిములతో వచ్చే జబ్బు కాదు కనుక యాంటీబయాటిక్ పనిచేయదు. నూనె పట్టామని ఇంట్లోవాళ్లకు చెప్పాలనిపించదు, డాక్టరుకు అడగాలని తట్టదు. మందులు మారుతుంటాయి, దగ్గు మాత్రం పోదు.

ముక్కులో, గొంతులో వేసిన నూనెతో న్యుమోనియా వస్తుందని లాఫ్లెన్ అనే వైద్యుడు 1925లోనే రాశాడు. నూరేళ్లయినా ఆ మాట మన పెరటి దాకా రాలేదు!

పెద్దవాళ్లను తప్పుపట్టడానికి కాదు ఈ కాగితం. బలానికని మందుల షాపులో కొన్న చేపనూనె టానిక్కూ ఇదే దారిన పోగలదు. ఆరు నెలల దాకా తల్లిపాలు చాలు. డాక్టరు రాసిన చుక్కలు తప్ప ఇంకేమీ వద్దు. ముక్కులో నూనె ఎప్పుడూ వేయకండి, వేయనివ్వకండి.

అలాగని విటమిన్ ఎ మానేస్తే ఊరుకోం! 9వ నెలలో 1 మి.లీ., ఆ తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి 2 మి.లీ. వేయించాల్సిందే. అదీ నూనెమందే. అందుకే టీకాల రోజున ఏఎన్ఎమ్మను అడగండి: “ఏడుపు ఆగనివ్వమ్మా, ఒళ్లో కూర్చోబెట్టి కొంచెం కొంచెంగా పోద్దాం.” వరస పెద్దదని తొందరపెడితే ఒప్పుకోకండి. ముక్కు మాత్రం ఎవరినీ ముయ్యనివ్వకండి.

బిడ్డ డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా ఆగకండి. పడుకున్నప్పుడు నిమిషానికి ఊపిర్లు లెక్కపెట్టండి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఆపైన ఐదేళ్ల లోపు 40 అందుకుంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బండి లేకపోతే 108కి ఫోన్ చేయండి. పట్టిన నూనె సీసా వెంట తీసుకెళ్లి, “ఇది పట్టాం డాక్టరుగారూ” అని ముందే చెప్పండి. తిట్టినా సరే, చెప్పండి.