గ్యాసు నింపుట మరమ్మతు కాదు

బళ్లారి వంటి ఊళ్లలో వేసవి ముదిరిన కొలది కార్ల ఏ.సి. మరమ్మతులు హెచ్చును. చల్లదనము తగ్గినదనగానే "గ్యాసు అయిపోయినది" అని నింపి పంపుట పలుచోట్ల పరిపాటి. పక్షము దినములలో మరల వేడిగాలి, మరల గ్యాసు, మరల రుసుము. ఈ పద్ధతి మారవలెను.

గ్యాసు పెట్రోలువలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలోనే తిరుగుచుండును. నింపిన కొలది దినములకే తరిగినచో ఎచ్చటనో కారుచున్నదని అర్థము. రబ్బరు వలయము అరిగియుండవచ్చును. కండెన్సరునకు రాతిదెబ్బ తగిలియుండవచ్చును. గ్యాసుతోపాటు కంప్రెసరు నూనెయు కొంత పోవును. నూనె తరిగిన కంప్రెసరు చెడినచో, టాక్సీపై జీవించువానికి ఆ వ్యయము మోయరాని భారము.

అదియుగాక, అనేక కార్లలోనున్న ఆర్-134ఎ వాయువు నూరేండ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1,430 రెట్లు భూతాపమును పెంచును. ఇట్టి వాయువులను తగ్గించుటకై 2016లో ఏర్పడిన కిగాలీ సవరణను భారతదేశము 2021లో ఆమోదించినది.

కావున నైట్రోజను పీడనముతోనో, అతినీలలోహిత కాంతిలో మెరయు రంగుతోనో పరీక్షించి, కారుచున్న చోటు చూపి, బాగుచేసిన పిదపనే గ్యాసు నింపుమని కోరుడు. ఆ సంగతి బిల్లుపై వ్రాయించుకొనుడు. బిల్లు కన్నడమున నున్నను, ఆంగ్లమున నున్నను, అర్థము చెప్పించుకొననిదే పైకము చెల్లింపకుడు. తెలియని వ్రాతకు తలయూపుట మర్యాద కాదు, నష్టము.