ఇటాలియన్ క్రమక్రియలు: పట్టికయా? ప్రక్రియయా?

సంస్కృత వ్యాకరణాన్ని శ్రద్ధగా అభ్యసించిన విద్యార్థి ఒక ఐరోపా భాషను నేర్వబూనినప్పుడు తాను చదివిన శాస్త్రాన్ని గుమ్మం వెలుపల విడిచి లోనికి పోవడం పరిపాటి అయినది. అక్కడ అతని చేతికి మొదట అందేది క్రియారూపాల పట్టిక. దానిని వల్లించడమే భాషాధ్యయనమని అతడు నమ్ముతాడు. ఈ నమ్మకం ఎంత నిరాధారమైనదో తెలుసుకొనడానికి ఇటాలియన్ భాషలోని క్రమక్రియలు చక్కని ఉదాహరణము.

ఇటాలియన్ వైయాకరణులు క్రియలను తుమర్థక రూపాన్ని బట్టి మూడు గణాలుగా విభజించినారు. 'పర్లారె' (మాట్లాడుట), 'క్రేదెరె' (నమ్ముట), 'దొర్మీరె' (నిద్రించుట) అనేవి వాటికి ప్రతినిధులు. ఊనిక పడే అచ్చును ఇక్కడ వీలైనచోట దీర్ఘంగా చూపడం జరిగినది. లాటిన్‌లోని నాలుగు గణాలలో రెండు కలిసిపోగా ఈ మూడు మిగిలినవి. పురుషవచన ప్రత్యయాలు చేరే క్రియార్థాలు నాలుగు: నిశ్చయార్థకం, సంభావనార్థకం, సంకేతార్థకం, విధ్యర్థకం. సహాయక క్రియ లేకుండా ఏర్పడే కాలరూపాలు మొదటిదానిలో నాలుగు, రెండవదానిలో రెండు, మూడవదానిలో ఒకటి, వెరసి ఏడు. ఒక్కొక్కదానికి ఆరు రూపాల చొప్పున ఒక ధాతువుకు 42 రూపాలు, మూడు గణాలకు 126. విధ్యర్థక రూపాలు వీటికి అదనము. ఈ సంఖ్యను చూచి విద్యార్థి బెదరడం సహజమే. కాని ధాతువును, గణాచ్చును, కాలచిహ్నాన్ని, పురుషప్రత్యయాన్ని విడదీసి చూచినవానికి ఈ సంఖ్యలో అధికభాగం కరిగిపోతుంది.

అసంపూర్ణ భూతాన్ని తీసుకొనవచ్చును. 'పర్లావొ, క్రెదేవొ, దొర్మీవొ' అనే మూడింటిలోను 'వొ' ఒక్కటే. దాని ముందున్న ఆ, ఏ, ఈ అనే అచ్చులే గణభేదాన్ని తెలుపుతున్నవి. సంభావనార్థక భూతంలో 'పర్లస్సి, క్రెదెస్సి, దొర్మిస్సి' అన్నప్పుడును ఇదే తీరు. భవిష్యత్తులోను, సంకేతార్థకంలోను ప్రత్యయాలు మూడు గణాలకు ఒక్కటే; మొదటి గణపు అకారం ఎకారమగుట మాత్రమే విశేషము. అనగా ఏడింట నాలుగు కాలాలలో ప్రత్యయభేదమే లేదు. ఐదవదైన పరోక్షభూతంలో ప్రథమపురుషైకవచనం 'పర్లో' తప్ప తక్కినవి ఒకే మూసలోనివి. రెండవ గణానికి కొన్ని వైకల్పిక రూపాలు అదనంగా ఉన్నవి. నిజంగా గణభేదం చూపవలసినవి నిశ్చయార్థక వర్తమానము, సంభావనార్థక వర్తమానము అనే రెండే. పట్టిక ఈ సంగతిని చెప్పదు, ప్రక్రియ చెబుతుంది.

మూడవ గణంలోని మరొక విషయం సంస్కృతజ్ఞునికి ప్రత్యేకంగా ఆసక్తికరము. 'కపీరె' (గ్రహించుట) మొదలైన క్రియలకు వర్తమానంలో 'ఇస్క్' అనే ఆగమం వస్తుంది: 'కపిస్కొ, కపిష్షి, కపిష్షె, కపియామొ, కపీతె, కపిస్కొనొ'. ఉత్తమ మధ్యమ పురుషల బహువచనాలలో అది లేదు. భవిష్యత్తులో 'కపిరో', అసంపూర్ణ భూతంలో 'కపీవొ' అంటారే గాని అక్కడ ఆగమం రాదు. పాఠ్యగ్రంథాలు తరచుగా దీనిని ఒక వింతగా చెప్పి విడిచిపెడతవి. 'గచ్ఛతి' అనియు 'గమిష్యతి' అనియు నేర్చినవానికి ఇందులో వింత ఏమున్నది? శిత్ ప్రత్యయం పరమైనప్పుడు గమ్ ధాతువు తుదివర్ణానికి ఛకారం ఆదేశమై, లృట్టులో రాకపోవడం అతడు ప్రథమ సంవత్సరంలోనే చదివినాడు. పైగా ఆ ఛకారమును, ఈ 'స్క్' అనునదియు ఒకే మూలం నుండి వచ్చినవని తులనాత్మక భాషాశాస్త్రం నిరూపించినది. భేదమును లేకపోలేదు. సంస్కృతంలో 'అగచ్ఛత్' అని లఙ్‌లో సైతం ఛకారం ఉండగా, ఇటాలియన్ భూతంలో 'ఇస్క్' లేదు. అది ఎక్కడ నిలిచినదో నిర్ణయించినది ఊనిక. ధాతువుపై ఊనిక పడవలసిన నాలుగు స్థానాలలోనే ఆగమం వచ్చి ఆ భారాన్ని తాను వహిస్తుంది. స్వరాన్ని బట్టి అంగరూపం మారడం 'ఏమి - ఇమః' అనే రూపాలను స్వరసహితంగా పఠించినవారికి కొత్త కాదు.

భవిష్యద్రూప చరిత్ర ఇంతకంటె రమ్యమైనది. లాటిన్‌లోని పూర్వపు భవిష్యద్రూపాలు వాడుకలో నశించగా, తుమర్థక రూపానికి 'కలిగియుండు' అనే అర్థం గల క్రియ యొక్క వర్తమానాన్ని చేర్చి జనులు కొత్త భవిష్యత్తును కల్పించుకొన్నారు. 'మాట్లాడవలసియున్నది' అనే వాక్యం 'పర్లెరో' అనే పదంగా ముడుచుకొనినది. అదే తుమర్థకానికి అదే సహాయక క్రియ యొక్క భూతరూపాన్ని చేర్చగా సంకేతార్థకం, 'పర్లెరెబ్బె', ఏర్పడినది. కనుక ఇటాలియన్ సంకేతార్థకం నిర్మాణదృష్టితో భవిష్యత్తునకు భూతము. సంస్కృత లృఙ్ కూడ సరిగా ఇట్టిదే: 'దాస్యతి' అనే భవిష్యదంగానికి అడాగమమును, భూతప్రత్యయాలను చేర్చగా 'అదాస్యత్' అయినది. జరుగవలసి ఉండియు జరుగని పనిని, అనగా క్రియాతిపత్తిని, చెప్పడానికి పరస్పర సంబంధం లేకుండ రెండు భాషలు ఒకే తర్కాన్ని ఆశ్రయించినవి. తెలుగులో 'అడిగితే చెప్పేవాడు' అన్నప్పుడు పూర్వపు అలవాటును తెలిపే రూపమే జరుగని పనిని కూడ తెలుపుతున్నది. ఇటాలియన్ వ్యావహారికంలో అసంపూర్ణ భూతం ఈ రెండు పనులను చేయడం గమనింపదగినది.

సంభావనార్థక వర్తమానంలో అచ్చులు తారుమారవుతవి. నిశ్చయార్థకంలో 'పర్ల' (మాట్లాడుచున్నాడు), 'క్రేదె' (నమ్ముచున్నాడు) అనేవి సంభావనార్థకంలో 'పర్లి', 'క్రేద' అవుతవి. మొదటి గణానికి ఇకారము, తక్కిన రెంటికి అకారము చిహ్నాలు. ఇంతమాత్రం తెలిసిన పిదప 18 రూపాలను వేర్వేరుగా వల్లించే పని లేదు. ఉత్తమపురుష బహువచనంలో 'పర్లియామొ' అనే రూపం రెండు అర్థాలకును సమానము. ఇది మొదట సంభావనార్థకానికే చెందినది. ఫ్లారెన్సు వాడుకలో నిశ్చయార్థకంలోనికి వ్యాపించి, పూర్వరూపాలను త్రోసిరాజన్నది. 'క్రమక్రియ' అన్నది భాష పుట్టుకతో వచ్చిన ధర్మం కాదనియు, సాదృశ్యం చేత కాలక్రమాన కుదిరిన వ్యవస్థయనియు దీని వలన తెలుస్తున్నది.

మర్యాదార్థంలో ఇటాలియన్ వక్త ఎదుటివానిని 'లేయి' అని ప్రథమపురుషతో సంబోధించి, విధ్యర్థకానికి బదులు సంభావనార్థకాన్ని వాడతాడు. 'భవాన్ గచ్ఛతు' అని ప్రథమపురుషను ప్రయోగించే సంస్కృతజ్ఞునికి దీనిని వివరించనక్కరలేదు. ఏకవచనంలో నిషేధం చెప్పునప్పుడు విధిరూపం విడిచి తుమర్థకాన్ని వాడడం కూడ 'గచ్ఛ - మా గమః', 'వెళ్ళు - వెళ్ళకు' అనే భేదాన్ని ఎరిగినవానికి సుగమమే.

లిపి విషయంలో తెలుగువారికి మరొక సౌకర్యం కలదు. 'చెర్కారె' (వెదకుట) అనే క్రియకు 'చెర్కొ, చెర్కి' అనే రూపాలు వ్రాయునప్పుడు రోమన్ లిపిలో రెండవదానికి ఒక అక్షరం అదనంగా చేరుతుంది. 'వించెరె' (జయించుట) అనేదానికి 'వింకొ, వించి' అన్నప్పుడు అక్షరం మారదు గాని ధ్వని మారుతుంది. మొదటిదానిలో మార్పు వ్రాతలోనే, రెండవదానిలో ఉచ్చారణలోనే. తెలుగు లిపిలో వ్రాసి చూపిన వెంటనే ఈ భేదం బోధపడుతుంది. 'వాచః - వాక్' అని క-చ వర్ణాల బంధుత్వాన్ని ఎరిగిన విద్యార్థికి ఇది పరిచితమైన భూమియే.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. పోలిక కనబడిన ప్రతిచోట జన్యజనక సంబంధాన్ని ఊహించే దురభ్యాసం పండితులలో సైతం కలదు. 16వ శతాబ్ది చివర గోవాలో నివసించి అక్కడనే 1588లో మరణించిన ఫ్లారెన్సు వర్తకుడు ఫిలిప్పో సస్సెత్తి, సప్త - సెత్తె, అష్ట - ఒత్తొ, నవ - నోవె వంటి పదాల పోలికను తన లేఖలలో గుర్తించినాడు. వాటి వెనుక ఒకే మూలభాష కలదని శాస్త్రీయంగా స్థాపించడానికి మరి రెండు శతాబ్దులకు పైగా పట్టినది. పైన చెప్పిన పోలికలను సైతం వేరుపరచి చూడవలెను. 'స్క్' - ఛకారముల సంబంధం వంశాగతము. సంకేతార్థక - లృఙ్‌ల పోలిక స్వతంత్రంగా కలిగినది. 'లేయి' - 'భవాన్' ప్రయోగాలది మర్యాద నుండి పుట్టిన సామ్యము. గణాచ్చు, ఆగమం వంటి మాటలు వివరణ సౌలభ్యానికి వాడిన పరిభాష మాత్రమే. ఈ వివేకాన్ని నేర్పక పోలికలను మాత్రమే నేర్పితే ప్రక్రియ పట్టిక కంటె ప్రమాదకరమవుతుంది.

వల్లెవేయక భాష నోటికి రాదనియు, మాట్లాడువాడు సూత్రాన్ని తలచుకొని మాట్లాడడనియు ఆక్షేపింపవచ్చును. ఇది కొంతవరకు నిజమే. 'పర్లనొ' అనుటలో ఊనిక మొదటి అచ్చుపైనను, 'పర్లియామొ' అనుటలో చివరినుండి రెండవ అచ్చుపైనను పడుతుందనేది చెవికి, నాలుకకు అలవడవలసినదే. కాని ఒక్క ధాతువును సాకల్యంగా వల్లించి, తక్కినవానిని యుక్తిచేత సాధించుకొనడం వేరు; మూడు పట్టికలను అర్థం తెలియక మోయడం వేరు. రెండవ మార్గంలో నేర్చిన విద్యార్థి ఒక రూపం మరచిన వెంటనే నిస్సహాయుడవుతాడు. మొదటి మార్గంలో నేర్చినవాడు మరచినదానిని తిరిగి నిర్మించుకొనగలడు.

ప్రాచ్య కళాశాలలలో వ్యాకరణం పరీక్ష కొరకు చదివి మరచే శాస్త్రంగా మారుతున్నదనే ఆవేదన తరచుగా వినవస్తుంది. దానికి కారణం శాస్త్రంలో లేదు. ధాతురూపావళిని కూడ పట్టికగానే బోధించే పద్ధతిలో ఉన్నది. తనకు తెలియని భాషలోని ఒక క్రియను విడదీసి, దాని అవయవాలను గుర్తించి, అవి ఎందుకట్లున్నవో చెప్పగలిగిన విద్యార్థికి ప్రకృతిప్రత్యయ విభాగం ఎంతటి సాధనమో ప్రత్యక్షంగా తెలుస్తుంది. వ్యాకరణ తరగతిలో ఏడాదికి నాలుగు గంటలు ఇట్టి అభ్యాసానికి కేటాయించినను ప్రయోజనం తప్పదు. ఇటాలియన్ నేర్చుకొనుట దాని ప్రథమఫలము. సంస్కృతాన్ని మరల నేర్చుకొనుట దాని పరమఫలము.