ఆ మంచి వూళ్లో మన పల్లె ఏ దిక్కున వుంది?

ఇద్దరు మగవాళ్లు ప్రేమించుకుంటారు. కలిసి కొట్టు పెట్టుకుంటారు. వూరు వూరంతా కదిలొచ్చి వాళ్ల పెళ్లి చేస్తుంది. ఎవరూ నోరు జారరు, ఎవరూ రాయి విసరరు. 2015 నుంచి 2020 దాకా కెనడా టీవీలో వచ్చిన ‘షిట్స్ క్రీక్’ కథ ఇది. ఆ వూళ్లో ఇట్టాంటి ప్రేమను అసహ్యించుకునే మనిషి వొక్కడూ వుండకూడదని డాన్ లెవీ కావాలనే అట్టా రాసుకున్నాడు. ఇదే దారిలో ఇంగ్లీషు నవలలు కుప్పలుగా వస్తున్నాయి. క్వీర్ ప్రేమకథలు అంటున్నారు వీటిని. చిన్న వూరు, పుస్తకాల కొట్టో రొట్టెల కొట్టో, ఇద్దరాడవాళ్లో ఇద్దరు మగవాళ్లో, చివరికి అంతా శుభం.

‘ఇవి డబ్బున్నోళ్ల రోగాలు, మనకెందుకయ్యా’ అనే కార్యకర్తలు మనలోనే వున్నారు. ఈ మాట నేనొప్పుకోను. దళిత స్త్రీ తన గోడు చెప్పబోతే ‘ముందు కులం సంగతి తేలనీ’ అన్న నోళ్లే ఇవి. అసలు మన తెలుగు కథలో ప్రేమకు వూరెప్పుడు దొరికింది గనక? 1927లో చలం ‘మైదానం’ రాస్తే, ఆడా మగా ప్రేమే అయినా, బ్రాహ్మణ రాజేశ్వరినీ ముస్లిం అమీర్‌నీ వూరు దాటించి బయట పెట్టాల్సొచ్చింది. కాళిదాసు యక్షుడు మబ్బుతో పెళ్లానికి ప్రేమ కబురంపాడు. మన వినుకొండ జాషువా 1941లో ‘గబ్బిలం’ రాస్తే, అందులో మనోడు గబ్బిలంతో శివుడికి ఆకలీ అవమానమూ మొరపెట్టుకున్నాడు. ప్రేమ కబురుకి తీరికే లేని బతుకు. కాబట్టి ఆదరించే వూరిని కలగనడం తప్పు కాదు. మనకూ కావాలి ఆ కల.

నా పేచీ వేరే. ఆ వూళ్లో పల్లె ఏ దిక్కున వుంది? చెరువులో ఎవరు ముంచుకుంటారు?

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు మగ మగ, ఆడ ఆడ ప్రేమ నేరం కాదని 377 సెక్షన్ కోరలు పీకింది. సరిగ్గా ఎనిమిది రోజులకి, 14న, మిర్యాలగూడలో దళితుడు ప్రణయ్‌ని ఆసుపత్రి ముందు నరికించారు. ఆడా మగా ప్రేమే. చట్టప్రకారం పెళ్లి. భార్య కడుపుతో వుంది. అదీ చిన్న పట్నమే మరి! 1991 ఆగస్టు 6 చుండూరు వూచకోతకి ముందు రాజుకున్న తగువు సినిమా హాల్లో కాలు తగిలిందనే సాకుతోనే. ప్రేమకథల్లో జంటలు చేతులు పట్టుకు కూచునేది అట్టాంటి హాల్లోనే గదా.

ఈ లెక్క తెలిసి తీసిన సినిమా వొకటుంది. హైదరాబాదులో పుట్టిన దళిత దర్శకుడు నీరజ్ ఘైవాన్ 2021లో తీసిన ‘గీలీ పుచ్చీ’. ఫ్యాక్టరీలో మిషను మీద పనిచేసే దళిత స్త్రీ భారతి. ఆమె ఆశపడ్డ ఆఫీసు వుద్యోగం బ్రాహ్మణ పిల్ల ప్రియకి పోద్ది. ఇద్దరికీ మనసు కలుస్తుంది. ప్రియ కూడా లోపల లోపల ఆడపిల్లనే కోరుకునే మనిషి, ఆమె బాధా నిజమే. కానీ భారతి కులం బయటపడ్డాక ఆ చెయ్యి వెనక్కిపోద్ది. ఇంటికెళ్తే అందరికీ పింగాణీ కప్పుల్లో టీ, భారతికి మాత్రం స్టీలుది. రెండు గ్లాసుల హోటళ్లు చూసిన మనకి ఈ గ్లాసు గురించి వొకరు చెప్పాలా?

మన మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరతా ఇద్దరాడకూలీలు వొకే దుప్పటి కప్పుకు పడుకుంటే ఎవరూ ఏమీ అనరు. ‘అక్కాచెల్లెళ్ల మాదిరి వున్నారు’ అని మెచ్చుకుంటారు కూడా. వొకామె ‘నాకు పెళ్లొద్దు, అక్కతోనే వుంటా’ అందనుకోండి. అప్పుడు లేస్తాయి అన్నదమ్ముల చేతులు. అందులో వొకరు మాలపల్లె, వొకరు మాదిగ గూడెం అయితే మనోళ్ల మొహాలూ మాడతాయి, దాచుకోవద్దు. కోర్టు కూడా 2023 అక్టోబర్ 17న ఇట్టాంటి జంటలకి పెళ్లి హక్కు ఇవ్వలేమని చేతులెత్తేసింది. ఇంక మిగిలింది వూరూ, పల్లే.

రాసే పిల్లల్లారా, రాయండి. కెనడా వూరు తెచ్చి ఒంగోలు పక్కన దించొద్దు. పత్తి తీతకి పోయే ఇద్దరిని రాయండి, మిర్చి యార్డులో బస్తా మోసే ఇద్దరిని రాయండి, వాళ్లని సుఖంగా బతకనివ్వండి. పెళ్లి కూడా చెయ్యండి. ఆ పెళ్లి భోజనాల్లో గూడెం నుంచొచ్చిన చుట్టాలు ఏ బంతిలో కూచున్నారో, వాళ్లకి ఎవరు వడ్డించారో ఆ పేజీ మాత్రం ఎగ్గొట్టొద్దు.