తెరపై పరుగు.. ట్రాక్‌పై గెలుపు
రేసింగు డ్రైవర్లను తీర్చిదిద్దుతున్న కంప్యూటర్ సిమ్యులేటర్
ఆటబొమ్మ స్థాయి దాటి శిక్షణ సాధనంగా ఎదిగిన ‘ఐరేసింగ్’

అమెరికాలో స్టాక్ కార్ల పందేలకు తలమానికంగా భావించే డేటోనా 500 పోటీని 2024లోనూ, 2025లోనూ వరుసగా గెలుచుకొన్న విలియం బైరన్ డ్రైవింగులో ఓనమాలు దిద్దుకొన్నది రేసు ట్రాక్‌పై కాదు. ఇంట్లో కంప్యూటర్ ముందు. కార్ల పందేల నేపథ్యం లేని కుటుంబం నుంచి వచ్చిన ఆయన కౌమార వయసులో ‘ఐరేసింగ్’ అనే సిమ్యులేటర్‌పై సాధన చేసి, ఆ తర్వాతే అసలు పోటీల్లోకి అడుగుపెట్టారు. 2018 నాటికి అమెరికా స్టాక్ కార్ల అత్యున్నత శ్రేణి అయిన నాస్కార్ కప్ సిరీస్‌కు చేరుకొన్నారు. తండ్రి రేసరైతే కొడుకు రేసరవుతాడన్న ఆనవాయితీ బలంగా వేళ్లూనుకొన్న ఈ క్రీడలో ఇది చిన్న మార్పు కాదు. కంప్యూటర్ ఆటగా తీసిపారేసిన ఒక సాధనం అంతటి నమ్మకాన్ని ఎలా సంపాదించింది? అది తెరిచిన తలుపు నిజంగా అందరికీ తెరిచినట్లేనా? పరిశీలించదగిన ప్రశ్నలివి.

పాపిరస్‌తో శ్రీకారం

ఈ కథకు మూలాలు 1987లో ఉన్నాయి. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో డేవిడ్ కేమర్, ఒమర్ ఖుదారి కలిసి పాపిరస్ అనే సంస్థను స్థాపించారు. 1989లో వారు తెచ్చిన ‘ఇండియానాపోలిస్ 500’ నాటి సాధారణ కంప్యూటర్లపైనే నడిచేది. అప్పటి ఆటల్లో కారు గోడను ఢీకొన్నా కాసేపు మిణుకుమిణుకుమని మళ్లీ పరుగందుకొనేది. పాపిరస్ ఆ ధోరణిని పక్కనపెట్టింది. టైర్లలో గాలి ఎంత ఉండాలి, రెక్కల వాలు ఎంత ఉండాలి అన్నది ఆడేవారే నిర్ణయించుకోవాలి. పొరపాటు చేస్తే ఫలితం అనుభవించాలి. 1994లో వచ్చిన ‘నాస్కార్ రేసింగ్’ ఈ బాణీని మరింత మందికి చేరువ చేసింది.

1998లో విడుదలైన ‘గ్రాండ్ ప్రి లెజెండ్స్’ ఈ ప్రస్థానంలో మైలురాయి. 1967 నాటి ఫార్ములా వన్ కార్లు దానికి ఇతివృత్తం. ఆ కార్లకు నేలకు అదిమిపట్టే రెక్కలుండవు. ఇంజిను శక్తి ఎక్కువ, టైర్ల పట్టు తక్కువ. కొత్తగా ఆడేవారు మొదటి మలుపులోనే గిర్రున తిరిగి గడ్డిలో పడేవారు. నాలుగు చక్రాలపైనా బరువు క్షణక్షణం ఎలా మారుతుందో లెక్కగట్టిన ఆ ప్రోగ్రామును నిపుణులు మెచ్చుకొన్నారు. మార్కెట్టు మాత్రం ఆదరించలేదు. కష్టమైన ఆటను కొనేవారు తక్కువన్న చేదు నిజం సంస్థకు తెలిసివచ్చింది.

2003లో ‘నాస్కార్ రేసింగ్ 2003 సీజన్’ వెలువడింది. అదే పాపిరస్ చివరి ఆట అయింది. నాస్కార్ పేరు వాడుకొనే హక్కులు మరో పెద్ద సంస్థ చేతికి వెళ్లడంతో పాపిరస్ మూతపడింది. అయితే ఆ ఆటలోని ప్రోగ్రాము వృథా కాలేదు. పాపిరస్ ఆటల అభిమాని, బోస్టన్ రెడ్‌సాక్స్ బేస్‌బాల్ జట్టు యజమాని జాన్ హెన్రీతో చేతులు కలిపి కేమర్ 2004లో ఐరేసింగ్‌ను నెలకొల్పారు. పాత ప్రోగ్రామును పునాదిగా చేసుకొని నాలుగేళ్లు శ్రమించారు. 2008లో సిమ్యులేటర్ ప్రజల ముందుకు వచ్చింది.

గతుకులను కొలిచిన లేజర్

ఫొటోలు చూసి ట్రాక్ బొమ్మ గీయడం అప్పటివరకు ఉన్న పద్ధతి. ఐరేసింగ్ బృందాలు స్వయంగా ట్రాక్‌లకు వెళ్లి లేజర్ పరికరాలతో స్కాన్ చేస్తాయి. పరికరం నుంచి వెలువడిన కాంతి నేలను తాకి తిరిగి వచ్చేందుకు పట్టిన సమయాన్ని బట్టి దూరం తేలుతుంది. ఇలా సేకరించిన కోట్లాది బిందువులను కలిపితే రోడ్డు రూపం వస్తుంది. ఏ మలుపులో తారు కాస్త కుంగింది, ఎక్కడ అతుకు వేశారు, అంచున కాంక్రీటు దిమ్మ ఎంత ఎత్తుంది అన్నది మిల్లీమీటర్ల తేడాతో నమోదవుతుంది. గంటకు 250 కిలోమీటర్ల వేగంలో చిన్న గతుకు కూడా కారును పక్కకు నెట్టగలదు. ఆ గతుకు ఎక్కడుందో తెరపైనే నేర్చుకొన్న డ్రైవరు అసలు ట్రాక్‌పై దానికి ముందే సిద్ధపడతాడు. సిమ్యులేటర్‌కూ, మామూలు ఆటకూ ఉన్న ప్రధాన భేదం ఇదే.

అన్నిటికన్నా కఠినమైనది టైరు లెక్క. బస్సు మలుపు తిరిగేటప్పుడు ప్రయాణికులు ఒకవైపు ఒరిగినట్లే కారు బరువూ బయటివైపు చక్రాలపైకి జరుగుతుంది. బ్రేకు వేస్తే ముందుకు వాలుతుంది. అయితే బరువు రెట్టింపయితే టైరు పట్టు రెట్టింపు కాదు. కొంత మేరకే పెరుగుతుంది. పైగా రబ్బరు చల్లగా ఉన్నా జారుతుంది, మితిమీరి వేడెక్కినా జారుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న సన్నని హద్దుపై నిలవడమే రేసరు నైపుణ్యం. దీన్ని అంకెల్లోకి తెచ్చేందుకు కేమర్ ఏళ్ల తరబడి శ్రమించారు. 2011లో కొత్త టైరు నమూనా ప్రవేశపెట్టినా మార్పులు ఆగలేదు. సిమ్యులేటర్ ఈ లెక్కలను సెకనుకు 360 సార్లు చేస్తుంది. ఫలితాన్ని స్టీరింగులో అమర్చిన మోటారు ద్వారా చేతులకు చేరవేస్తుంది. ఎండకు ట్రాక్ వేడెక్కడం, కార్లు తిరిగిన దారిలో రబ్బరు పేరుకోవడం, పగలు రాత్రిగా మారడం వంటివి క్రమంగా చేరాయి. వాన మాత్రం 2024 వరకు ఆగింది. తడిసిన రోడ్డుపై నీరు ఎటు పారుతుంది, ఎక్కడ నిలుస్తుంది, కార్లు తిరిగిన కొద్దీ ఏ దారి ముందు ఆరుతుంది అన్నది లెక్కించడం అంత సులువు కాకపోవడమే ఇందుకు కారణం.

తప్పెవరిదైనా మచ్చ ఇద్దరికీ

ఐరేసింగ్‌లో మరో విశేషం క్రమశిక్షణ. మారుపేర్లకు తావులేదు. సొంత పేరుతోనే పోటీ పడాలి. కొత్తవారు రూకీ లైసెన్సుతో మొదలుపెట్టి డి, సి, బి, ఎ అంచెలు ఎక్కాలి. వేగానికి ఒక కొలమానం, భద్రతకు మరో కొలమానం ఉంటాయి. ట్రాక్ హద్దు దాటితే ఒకటి, అదుపు తప్పితే రెండు, మరో కారును గట్టిగా ఢీకొంటే నాలుగు చొప్పున తప్పులు ఖాతాలో పడతాయి. ఎన్ని మలుపులు దాటితే ఎన్ని తప్పులు జరిగాయన్న నిష్పత్తిని బట్టి లైసెన్సు పెరుగుతుంది, తగ్గుతుంది.

వెనుక నుంచి వచ్చి ఢీకొట్టినా ముందున్నవారి ఖాతాలోనూ తప్పు నమోదు కావడం విమర్శలకు తావిచ్చింది. కంప్యూటర్ విచారణ జరపదు, తాకిడిని మాత్రమే లెక్కిస్తుంది. అన్యాయంగా కనిపించే ఈ నిబంధన వెనుక ఒక తర్కముంది. తప్పు తనది కాకున్నా నష్టం తనకు తప్పదని తెలిసినవాడు ప్రమాదాన్ని ముందే పసిగట్టి తప్పుకొంటాడు. లైసెన్సు చేతికొచ్చాక మళ్లీ పరీక్ష ఊసెత్తని మన రోడ్లను చూసినవారికి ప్రతి మలుపులో లైసెన్సును తూకం వేసే ఈ పద్ధతి ఆలోచింపజేసేదే.

కరోనా పెట్టిన పరీక్ష

2020 మార్చిలో కరోనా కారణంగా పోటీలు నిలిచిపోయాయి. నాస్కార్ తన డ్రైవర్లను సిమ్యులేటర్ల ముందు కూర్చోబెట్టింది. మార్చి 22న జరిగిన తొలి పోటీలో డెన్నీ హామ్లిన్ గెలిచారు. టీవీలో దాన్ని 9 లక్షల మందికి పైగా చూశారు. ఆట అన్న చిన్నచూపు ఒక్కరోజులో తొలగిపోయింది.

దానితోపాటే బాధ్యతా వచ్చింది. ఏప్రిల్‌లో ఒక ఆన్‌లైన్ పోటీ మధ్యలో జాతివివక్షతో కూడిన మాట జారిన కైల్ లార్సన్‌ను నాస్కార్ సస్పెండ్ చేసింది. జట్టు ఉద్యోగం నుంచి తొలగించింది. తిరిగి వచ్చిన ఆయన 2021లో ఛాంపియన్ కావడం వేరే కథ. మే నెలలో ఫార్ములా ఈ నిర్వహించిన ఇంటి పోటీలో, వేరే సిమ్యులేటర్‌పై, డేనియల్ ఆబ్ట్ తనకు బదులు మరొకరితో కారు నడిపించారు. విషయం బయటపడటంతో ఆయనను ఆడీ జట్టు సస్పెండ్ చేసింది. తెరపై ప్రవర్తనకు అసలు ఉద్యోగాలే మూల్యం కావచ్చని ఈ రెండు ఘటనలూ చాటాయి.

ముందు తెరపై.. తర్వాత వీధిలో

ఉన్న ట్రాక్‌ను అనుకరించే సాధనమే చివరికి లేని ట్రాక్‌కు నమూనా అయింది. షికాగో నగర వీధుల్లో పందెం నడిపితే ఎలా ఉంటుందో 2021లో ఐరేసింగ్‌లో నిర్మించి, తెరపైనే పోటీ జరిపి చూశారు. 2023 జులైలో అదే నగరంలో అసలు కార్లు పరుగెత్తాయి. న్యూజిలాండ్‌కు చెందిన షేన్ వాన్ గిస్‌బర్గెన్ తన తొలి కప్ పోటీలోనే గెలిచి చరిత్ర సృష్టించారు. నార్త్ కరోలినాలోని నార్త్ విల్క్స్‌బరో ట్రాక్‌ది మరో ముచ్చట. 1996 తర్వాత కప్ పోటీలు లేక పిచ్చిమొక్కలు పెరిగిన ఆ ట్రాక్‌ను 2019 డిసెంబరులో మాజీ రేసరు డేల్ ఎర్న్‌హార్ట్ జూనియర్ తదితరులు శుభ్రం చేయించారు. స్కానింగుకు అనువుగా ఉంటే చాలన్నది అప్పటి ఉద్దేశం. 2023లో నాస్కార్ ఆల్‌స్టార్ పోటీ అక్కడికే తిరిగి వచ్చింది. ప్రభుత్వ నిధులు సహా అనేక కారణాలు అందుకు తోడ్పడినా, జనం దృష్టి మళ్లీ అటు మళ్లడంలో కంప్యూటర్ పాత్రను తోసిపుచ్చలేం.

తలుపు తెరిచింది సరే.. మెట్లేవి?

అసలు ప్రశ్న ఖర్చుది. కార్ల పందెం ధనికుల క్రీడ. కారు, టైర్లు, ఇంధనం, మెకానిక్కులు, ప్రయాణాలు.. అన్నీ లక్షల్లో మాటలే. సిమ్యులేటర్‌లో గోడను ఢీకొంటే ఒక మీట నొక్కితే సరిపోతుంది. అయితే ఐరేసింగ్ కూడా ఉచితం కాదు. చందా కడుతూ ఉండాలి. అదనపు కార్లు, ట్రాక్‌లు విడివిడిగా కొనాలి. చందా ఆపితే కొన్నవి కూడా చేతికందవు. మంచి స్టీరింగు, పెడళ్లు, గట్టి కంప్యూటర్, నిలకడైన ఇంటర్నెట్టు ఉండాలి. ఖర్చు తగ్గిన మాట వాస్తవం, పూర్తిగా పోలేదు.

రాజా కరూత్ ఉదంతం ఇక్కడ ప్రస్తావనార్హం. సిమ్యులేటర్‌తోనే డ్రైవింగు నేర్చిన ఈ నల్లజాతి యువకుడు 2024 మార్చిలో లాస్ వేగస్‌లో నాస్కార్ ట్రక్ సిరీస్ పోటీ గెలిచారు. నాస్కార్ జాతీయ సిరీస్‌లలో గెలిచిన మూడో నల్లజాతి డ్రైవరుగా నిలిచారు. కానీ ఆయనను తెర ముందు నుంచి కారులోకి తెచ్చింది ఒక్క కంప్యూటరే కాదు. అవకాశాలు దక్కని వర్గాల కోసం నాస్కార్ అప్పట్లో నడిపిన వైవిధ్య కార్యక్రమం చేయందించింది. ప్రతిభను సిమ్యులేటర్ చూపగలిగింది. చూసి పిలిచేందుకు ఒక వ్యవస్థ ఉండబట్టే ఆయన మెట్లెక్కగలిగారు.

తెలుగు నేలకు ఈ పాఠం వర్తిస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ తీరాన దేశంలోనే తొలి ఫార్ములా ఈ పోటీ జరిగింది. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. కొత్త వీధి ట్రాక్ అంటే జట్లు ముందుగా సిమ్యులేటర్లపైనే సాధన చేసి రావడం ఈ క్రీడలో రివాజు. 2024లో జరగాల్సిన రెండో పోటీ రద్దయింది. ఒక్కరోజు వేడుక ముగిసి రోడ్లు మళ్లీ ట్రాఫిక్‌కు వెళ్లిపోయాయి. పోటీని చూసి ఉత్సాహపడిన కుర్రాడు మర్నాడు ఎక్కడికెళ్లి నేర్చుకోవాలన్నదానికి సమాధానం దొరకలేదు. చెన్నై, కోయంబత్తూరు వంటి చోట్లకు వెళ్లి నెగ్గుకురావడం సామాన్య కుటుంబాలకు తలకు మించిన భారం.

సిమ్యులేటర్‌కు పరిమితులున్నాయి. మలుపులో మెడ విరిచే ఒత్తిడిని అది చూపలేదు. కారు లోపలి సెగను, గోడ దగ్గరవుతుంటే గుండెల్లో పుట్టే భయాన్ని నేర్పలేదు. చెయ్యి, కన్ను, ఓర్పు మాత్రం నేర్పగలదని బైరన్, కరూత్‌ల విజయాలు నిరూపించాయి. ఇంజినీరింగు కళాశాలల్లో విద్యార్థులే రేసు కార్లు తయారు చేస్తున్న ఈ రోజుల్లో అక్కడే నాలుగు సిమ్యులేటర్లు పెట్టి, రాణించినవారిని ఏటా ట్రాక్‌కు పంపే ఏర్పాటు చేస్తే అయ్యే ఖర్చు ఒక వీధి పందేనికయ్యే ఖర్చుతో పోలిస్తే స్వల్పం. పందెం తెచ్చేందుకు చూపిన శ్రద్ధలో కొంతైనా పందెగాళ్లను తయారుచేయడంపై చూపితే, మరోసారి పోటీ వచ్చినప్పుడు తెలుగువారు ప్రేక్షకుల వరుసకే పరిమితం కావాల్సిన అవసరముండదు.